తొమ్మిదింటితో సరిపెట్టని ఆసుపత్రి

రక్తహీనతకు ఆరు నెలలు ఐరన్ మాత్రలు మింగాక గానీ, అసలు ఆ రక్తం ఎటు పోతోందన్న ప్రశ్న ఎవరికీ తట్టలేదు. కొలనోస్కోపీలో పెద్దపేగు కుడివైపున కణితి కనిపించింది. అది క్యాన్సరేనని బయాప్సీ తేల్చింది. పేరున్న పెద్ద క్యాన్సర్ సంస్థకు వెళ్లమని బంధువులందరూ పట్టుబట్టినా, నేను ఇంటికి దగ్గరలోని మధ్యతరహా ఆసుపత్రిలోనే చేరాను. అది ధైర్యమేమీ కాదు, దూరప్రయాణం చేసే ఓపిక ఒంట్లో లేకపోవడమే కారణం.

ఆపరేషన్ సాఫీగానే జరిగింది. అయిదో రోజు ఇంటికి వచ్చేశాను. తర్వాత వచ్చిన పెథాలజీ (తీసిన భాగాన్ని సూక్ష్మదర్శినిలో చూసే పరీక్ష) నివేదికలో, తీసేసిన పేగుతోపాటు 9 లింఫు గ్రంథులు, అంటే పేగు క్యాన్సర్ సాధారణంగా ముందుగా పాకే చిన్న గ్రంథులు, దొరికాయనీ, వేటిలోనూ క్యాన్సర్ లేదనీ రాసి ఉంది. అంటే రెండో దశ. బహుశా కీమో అవసరం ఉండదు. ఆ రాత్రి ఇంట్లో అందరమూ చాలా రోజుల తర్వాత నిశ్చింతగా నిద్రపోయాం.

రెండు రోజులకు సర్జన్ ఫోన్ చేశారు. కనీసం 12 గ్రంథులను పరీక్షించనిదే క్యాన్సర్ పాకలేదన్న మాటపై భరోసా పెట్టుకోలేమని ట్యూమర్ బోర్డులో అభిప్రాయపడ్డారనీ, అందుకే భద్రపరచిన నమూనాను మళ్లీ వెతకమని ల్యాబుకు పంపామనీ చెప్పారు. నాకు ఒళ్లు మండింది. చేతికందిన శుభవార్తను వెనక్కి లాక్కుంటున్నారనిపించింది. ఈ గ్రంథులు కొన్ని మిల్లీమీటర్ల పరిమాణంలో, పేగును అంటిపెట్టుకున్న కొవ్వులో దాగి ఉంటాయనీ, ఎన్ని దొరుకుతాయన్నది సర్జన్ ఎంత మేర కోసి తీశారన్న దానితోపాటు వెతికేవారి ఓర్పుపైన కూడా ఆధారపడుతుందనీ నాకు అప్పటికి తెలియదు. రెండోసారి మరో 5 దొరికాయి. వాటిలో ఒకదానిలో క్యాన్సర్ ఉంది. క్యాన్సర్ గ్రంథులకు పాకితే మూడో దశే కాబట్టి, ఒక్క గ్రంథితో నాది మూడో దశ అయింది.

ఆ బోర్డు ఏమిటో తర్వాత మా ఆంకాలజిస్టునే అడిగాను. వారానికొకసారి సర్జన్, ఆంకాలజిస్టు, రేడియేషన్ వైద్యులు, రేడియాలజిస్టు, పెథాలజిస్టు, నర్సులు ఒకచోట కూర్చుని, స్కాన్‌లనూ స్లైడ్‌లనూ తెరపై చూస్తూ ఒక్కో రోగి సంగతి మాట్లాడుకుంటారట. తమ చేతికి మించిన కేసును పెద్ద కేంద్రానికి పంపాలన్న నిర్ణయమూ అక్కడే జరుగుతుంది. చేయలేనిదాన్ని చేయలేమని ఒప్పుకోవడం చిన్న ఆసుపత్రికి పెద్ద నైపుణ్యమేనని నాకనిపిస్తుంది. ఏడాదికొకసారి, పెద్దపేగు ఆపరేషన్లలో ఎన్నింటికి కనీసం 12 గ్రంథులు దొరికాయో క్యాన్సర్ రిజిస్ట్రీ (క్యాన్సర్ రోగుల వివరాల నమోదు) నుంచి లెక్క తీసి, తగ్గితే కారణం వెతుకుతారట.

నాకు మూడు నెలల కీమో సరిపోతుందన్నారు. మూడు వారాలకొకసారి ఆక్సాలిప్లాటిన్ ఎక్కించేవారు. మధ్యలో పద్నాలుగు రోజులు కేపసిటబిన్ మాత్రలు, ఏడు రోజులు విరామం. ప్రతిసారీ బరువు చూసి, ఇద్దరు నర్సులు విడివిడిగా మోతాదు లెక్కను, నా పేరును, పుట్టిన తేదీని సరిచూసేవారు. పదోసారి పుట్టిన తేదీ చెప్పేటప్పటికి నవ్వొచ్చేది. చన్నీళ్లు తాకితే వేళ్లలో కరెంటు షాక్ కొట్టినట్టుండేది.

రెండో సైకిల్ (మూడు వారాల విడత) తర్వాత ఒక రాత్రి జ్వరం 38.4 డిగ్రీల సెల్సియస్‌కు చేరింది. 38 దాటితే తెల్లవారేదాకా ఆగకుండా రావాలనీ, వచ్చిన గంటలోపు యాంటీబయాటిక్ పడాలనీ నాకిచ్చిన కార్డులో ఉంది. అయితే క్యాజువాల్టీలో ఆ కార్డు చూపించినా వరుసలో కూర్చోమన్నారు. మందు పడేసరికి రెండు గంటలు దాటింది. తెల్లకణాలు బాగా పడిపోయాయని రక్తపరీక్షలో తేలడంతో నాలుగు రోజులు వార్డులోనే ఉన్నాను. తర్వాతి వారం క్యాన్సర్ విభాగం నర్సు తానే ఫోన్ చేసి, ఆ ఆలస్యాన్ని పొరపాటుగా నమోదు చేశామనీ, ఇకపై ఆ కార్డు చూపిన రోగిని నేరుగా లోపలికి పంపాలని క్యాజువాల్టీకి రాసిచ్చామనీ చెప్పింది. నేను ఫిర్యాదు చేయనేలేదు.

ఏడాదికి చేసిన కొలనోస్కోపీలో ఏమీ కనిపించలేదు. మూడు నెలలకొకసారి సీఈఏ పరీక్షకు, అంటే క్యాన్సర్ తిరగబెట్టిందేమో చూసే రక్తపరీక్షకు, వెళ్తున్నాను. అరికాళ్లలో తిమ్మిరి ఇంకా పూర్తిగా పోలేదు. నా ఫైలులో ఆ రెండు పెథాలజీ నివేదికలూ ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. రెండోదానిపై సంతకం చేసిన పెథాలజిస్టును నేను ఇంతవరకూ చూడనేలేదు.