మోరిస్ మిల్లర్ పేరుతో ఎవరూ ఓడ దిగలేదు

అమెరికా వచ్చిన కొత్తలో ఆరు నెలల పాటు ఆఫీసులో నా పేరు ఫ్నూ. పాస్‌పోర్టులో పేరంతా కలిపి ఇంటిపేరు గడిలోనే రాయించుకోవడం నా తెలివితక్కువతనం. రెండో గడి ఖాళీగా ఉంటే వీసా మీద ఎఫ్‌ఎన్‌యూ అని కొడతారు, అంటే సొంత పేరు తెలియదు అని. ఆఫీసు సిస్టమ్‌లోకి అదే ఎక్కింది, రోజూ "హాయ్ ఫ్నూ" అంటూ మెయిళ్లు. ఈ కథ విని పొట్ట పట్టుకుని నవ్వింది మా టీమ్‌లో డేటాబేస్ చూసే పెద్దావిడ. అరవై దాటాయి, బ్రూక్లిన్‌లో పుట్టి పెరిగిన యూదుల ఇంటి ఆడపడుచు. నవ్వడం అయ్యాక, "మా తాత పేరు కూడా ఎల్లిస్ ఐలాండ్‌లో గుమాస్తా మార్చేశాడట" అంది. ఒకప్పుడు ఓడల్లో వచ్చిన వలసవాళ్లను తనిఖీ చేసిన న్యూయార్క్ దీవి అది.

ఆయన అసలు పేరు ఇక్కడ రాయను, మోరిస్ మిల్లర్ అనుకోండి. ఇరవై ఏళ్లుగా ఆ పేరుతో వెతుకుతోందట, దొరకలేదు. నా ఉద్యోగమేమో ఒకే మనిషి నాలుగు స్పెల్లింగులతో నాలుగు ఖాతాలు తెరిస్తే నలుగురూ ఒకరే అని పట్టుకునే ప్రోగ్రాములు రాయడం. "మా తాతను పట్టుకో చూద్దాం" అని లంచ్ టైమ్‌లో ల్యాప్‌టాప్ నా ముందుకు జరిపింది.

చదువుతూ పోతే ముందు ఆ గుమాస్తా కథే తేలిపోయింది. ఎల్లిస్ ఐలాండ్‌లో ఎవరూ కొత్తగా పేర్లు రాయలేదు. ఓడ ఎక్కే రేవులోనే కంపెనీవాళ్లు జాబితా తయారుచేసేవాళ్లు, ఇక్కడి ఇన్‌స్పెక్టర్లు ఆ కాగితం ముందు పెట్టుకుని, తూర్పు యూరప్ యూదుల భాష యిడ్డిష్ వచ్చిన దుబాసీలతో ప్రశ్నలు అడిగించి టిక్కు పెట్టేవాళ్లు. పేరు మార్చుకున్నది చాలాసార్లు వచ్చినవాళ్లే, ఉద్యోగం కోసమో బడిలో పిల్లల్ని ఏడిపించకుండానో. అందుకే మొదటి నుంచి కాకుండా చివరి నుంచి, అంటే సమాధి నుంచి వెనక్కి రమ్మంటారు.

క్వీన్స్‌లోని యూదుల శ్మశానంలో మనవాళ్ల ఊరి సంఘాల్లాంటివి ఉన్నాయి. ఒకే ఊరి నుంచి వలస వచ్చినవాళ్లు చందాలు వేసుకుని స్థలం కొనుక్కుని గేటు మీద ఊరి పేరు చెక్కించుకున్నారు. తాతగారి గేటు మీద బ్రిస్క్ అని ఉంది. రాయి మీద ఇంగ్లీషులో మోరిస్, కింద హీబ్రూలో "లేబ్ కొడుకు మోషే". ఆ హీబ్రూ వరుస చదవడం ఈవిడకు రాదు, ఫోటో తీసి ఒక రబ్బీతో, అంటే యూదుల మతగురువుతో, చదివించింది. తండ్రి పేరు అన్నేళ్లూ ఆ రాయి మీదే ఉంది!

తర్వాత 1927 నాటి పౌరసత్వం దరఖాస్తు. అందులో సొంత ప్రాంతం గ్రోడ్నో అని ఉంటే ఇంట్లో అందరూ గ్రోడ్నో పట్నం అనుకున్నారు, అది గుబెర్నియా పేరు, మన లెక్కలో రాష్ట్రం లాంటిది. బ్రిస్క్ ఆ గుబెర్నియాలోదే. యూదులకు బ్రిస్క్, రష్యా కాగితాల్లో బ్రెస్త్-లితోవ్‌స్క్, ఇప్పుడు బెలారస్‌లో బ్రెస్త్. 1906 జూన్ తర్వాత వచ్చినవాళ్ల దరఖాస్తుకు రాక ధ్రువపత్రం ఒకటి జత చేసేవాళ్లు, మాకు దారి దొరికింది అక్కడే. ఓడ పేరు, 1908లో దిగిన తేదీ, దిగినప్పటి పేరు: మోయిషె మెల్నిక్. మెల్నిక్ అంటే పిండిమర వాడు, మిల్లర్ అన్నా అదే. తాతగారు ఇంటిపేరును అనువాదం చేసుకున్నారన్నమాట.

ఓడ జాబితా చూసిన రోజు నాకు మా డీఎస్-160 వీసా దరఖాస్తు ఫారం గుర్తొచ్చింది. ఆయన ఓడ ఎక్కిన లిబావు రేవులో నింపిన పెద్ద కాగితం, ఇరవై తొమ్మిది గళ్లు. చేతిలో డబ్బెంత, ఎవరి దగ్గరికి పోతున్నావు, నువ్వు అరాచకవాదివా అని కూడా. మనల్ని ఇప్పుడు ఉగ్రవాదివా అని అడుగుతారు, అవునని రాసినవాడెవరైనా ఉంటాడా అని నాకు ఎప్పుడూ అనుమానమే. 1907లో ఒక గడి చేర్చారు: వదిలి వచ్చిన దేశంలో దగ్గరి బంధువెవరు, అడ్రసు ఏమిటి. అందులో తండ్రి లేబ్ మెల్నిక్, బ్రెస్త్.

తండ్రి ఉంటే అన్నదమ్ములు ఉండొచ్చు కదా అంది ఆవిడ. ఇంట్లో ఎవరూ వాళ్ల సంగతి ఎత్తేవాళ్లు కాదట.

1941లో జర్మన్లు బ్రెస్త్ ఘెట్టోలో, అంటే యూదుల్ని బంధించి ఉంచిన పేటలో, పద్నాలుగేళ్లు దాటిన ప్రతి యూదుడికీ గుర్తింపు పత్రం ఇచ్చారు, పోలిష్‌లో రాసి, ఫోటో అంటించి, సంతకం పెట్టించి. 12 వేలకు పైగా పేర్లు, తల్లిదండ్రుల పేర్లతో సహా మిగిలాయి. మనుషులు దాదాపుగా మిగల్లేదు. 1942 అక్టోబరులో రైళ్లలో బ్రోనాయా గోరా అనే చోటికి తీసుకెళ్లి కాల్చి చంపారు.

ఆ పేర్లు వెతకడానికి డైచ్-మొకటాఫ్ సౌండెక్స్ వాడాం. పేరు పలికే తీరును అంకెలుగా మార్చే పద్ధతి, తూర్పు యూరప్ పేర్ల కోసం 1985లో చేసిన కోడింగ్ అది, మెల్నిక్ అన్నా పోలిష్ స్పెల్లింగులో మ్యెల్నిక్ అన్నా ఒకే అంకెలు వస్తాయి. ఓడ జాబితాలు వెతికేవాళ్లకు వెబ్ పేజీలు చేసిపెట్టిన స్టీఫెన్ మోర్స్ ఇంటెల్ 8086 చిప్ డిజైన్ చేసినాయన అని అప్పుడే తెలిసింది. ఇంజనీరింగ్‌లో ఆ చిప్‌తో నేను పడిన పాట్లన్నీ ఆ రోజు మాఫ్ చేసేశాను.

ఒకాయన దొరికాడు. వయసు 48, తండ్రి లేబ్, తల్లి హాయా. తాతగారి 1911 న్యూయార్క్ పెళ్లి పత్రంలో కూడా తల్లి హాయానే. అయితే ఆ రోజుల్లో అక్కడ లేబ్‌లు, హాయాలు వీధికొకరు.

"ఇద్దరూ అన్నదమ్ములే అనడానికి నీ లెక్కలో ఒకటికి ఎంత?" అంది.

"0.87."

"క్లయింటుకి ఎంత దాటితే ఒకరే అని చెబుతాం?"

"0.9."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఆ పత్రాన్ని ఆఫీసు ప్రింటర్‌లో, కలర్‌లో, రెండు కాపీలు తీసుకుంది. మూడింటికి మీటింగ్ ఉంటే ఇద్దరం వెళ్లాం.

పోయిన ఏడాది పాస్‌పోర్టు రెన్యూవల్‌కి ఇచ్చినప్పుడు నా పేరు రెండు గళ్లలో విడగొట్టి రాయించాను. ఇన్నాళ్లూ నన్ను పిలిచిన స్పెల్లింగులన్నీ, ఫ్నూతో సహా, తేదీలు వేసి ఒక కాగితం మీద రాసి, మా పిల్లల బర్త్ సర్టిఫికెట్ల కవరులోనే పెట్టాను.