తొడకు వేసే ఆ సూది

ఇంగ్లండ్‌లో నేను పనిచేసేది నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డులో. పోయిన చలికాలం ఒక రాత్రి కాన్పు గది నుంచి ఒక బాబును తెచ్చారు. 28 వారాలకే పుట్టాడు, బరువు కిలో. ఇంక్యుబేటర్ పక్కన నిలబడ్డ తండ్రి ఇంటికి ఫోన్ చేస్తున్నాడు. "పుట్టిండే అమ్మా, గాజు పెట్టెల పెట్టిండ్రు." ఆ మాట చెవిన పడగానే నా చేతులు ఆగిపోయాయి. అచ్చం మా దిక్కు యాస. అడిగితే కరీంనగర్ పక్క ఊరన్నాడు, నాది హన్మకొండ అన్నాను. అంతే, అక్కా అని పిలిచాడు. పరాయి దేశంలో అర్ధరాత్రి ఆ పిలుపు వింటే ఎట్లా ఉంటుందో ఇక్కడ ఉన్నవాళ్లకు తెలుసు.

పుట్టిన పిల్లలకు లోపల నెత్తురు కారకుండా తొడకు వేసే సూది విటమిన్ కె. దాన్ని ఇవ్వడానికి ఇక్కడ తల్లిదండ్రులను అడిగి, వాళ్లు సరే అన్నాకే ఇస్తాం. అడిగితే ఆయన వెనక్కి తగ్గాడు. "ఇంత సన్న తొడకు సూది ఏందక్కా? నెట్ల చూసిన, క్యాన్సర్ వస్తదంటున్నరు."

ఆ భయం ఊరికే పుట్టలేదు. 1990ల మొదట్లో ఈ దేశంలోనే ఒక పరిశోధన అలాంటి అనుమానం లేవనెత్తింది. తర్వాత అంతకంటే పెద్ద అధ్యయనాలు జరిగాయి, వాటిలో ఆ సంబంధం కనిపించలేదు. అది చెప్పి, ఆయన పక్కనే స్టూల్ వేసుకుని కూర్చున్నా. రోజూ ఇంగ్లిష్‌లో చెప్పే మాటలే, మా భాషలో చెబుతుంటే నాకే ఇంకా బాగా అర్థమైనట్టు అనిపించింది.

నెత్తురు గడ్డకట్టాలంటే కాలేయం కొన్ని పదార్థాలు తయారుచేయాలి, వాటికి విటమిన్ కె కావాలి. తల్లి నుంచి మాయ దాటి బిడ్డకు చేరేది చాలా కొంచెం. తల్లిపాలలోనూ తక్కువే. పెద్దవాళ్ల పేగుల్లో దాన్ని కొంత తయారుచేసే సూక్ష్మజీవులు ఉంటాయి, పుట్టిన బిడ్డ పేగుల్లో అవింకా చేరవు. నెలలు నిండని బిడ్డకైతే కాలేయం కూడా పచ్చిదే, పైగా యాంటీబయాటిక్స్ పడతాయి. "మరి మా ఆమె పాలకూర, గంగవాయిలి కూర మస్తు తిన్నది కద?" అన్నాడు. ఆ ఆకుకూరల్లో విటమిన్ కె ఉన్న మాట నిజమే. తల్లికి మంచిది, బిడ్డ దాకా మాత్రం సరిపడా చేరదు. అలాగని పాలు మాన్పించొద్దు. పాలు పాలే, సూది సూదే.

ఆయన తలూపాడు. మందు తీసుకొచ్చా. తేనెరంగు గాజు ఆంప్యూల్, చిటికెనవేలి కంటే చిన్నది. అందులో ఉండేదే 0.2 మిల్లీలీటరు. ఇక్కడ రెండున్నర కిలోల లోపు నెలతక్కువ పిల్లలకు కిలోకు 400 మైక్రోగ్రాముల లెక్క. అంటే ఈ బాబుకు 0.04 మిల్లీలీటరు, ఒక నీటిబొట్టు కంటే తక్కువ. ఇద్దరం నర్సులం లెక్క సరిచూసుకుని, సన్నని సిరంజిలోకి తీసుకున్నాం. బాబు తొడ నా బొటనవేలంత ఉంది. సూది దిగినప్పుడు నోరు తెరిచాడు, గొంతులో గొట్టం ఉంది కాబట్టి ఏడుపు బయటికి రాలేదు. తండ్రి మొహం తిప్పుకున్నాడు. నేను ఆ తొడ మీద దూది పెట్టి, నెత్తురు ఆగేదాకా వేలు తియ్యలేదు.

నేను ఇంత పట్టుబట్టడానికి కారణం ఇక్కడ నేర్చుకున్న పాఠం కాదు. వరంగల్‌లో జీఎన్ఎం నర్సింగ్ కోర్సు చదివేటప్పుడు ములుగు అవతలి తండా నుంచి 38 రోజుల పాపను తెచ్చారు. ఇంట్లోనే పుట్టిన బిడ్డ, ఏ సూదీ పడలేదు. తల్లిపాలు బాగా తాగి బొద్దుగా ఉంది. ఆ రోజు పొద్దున్నుంచి ఫిట్స్. కింది రెప్ప లాగి చూస్తే తెల్లగా పాలిపోయి ఉంది. మాడు మీద వేలు పెట్టా. మెత్తగా ఉండాల్సిన చోటు డోలు తోలులా బిగిసి ఉంది. లోపల మెదడులో నెత్తురు కారుతోంది. "మూడు దినాల కింద ముక్కుల జరంత నెత్తురొచ్చింది, గోరు తాకిందేమో అనుకున్న" అంది తల్లి. విటమిన్ కె ఇచ్చారు, ప్లాస్మా ఎక్కించారు. పాప నాలుగో రోజు పోయింది.

విటమిన్ కె చాలక ఇట్లా నెత్తురు కారడం రెండు వారాల నుంచి ఆరు నెలల లోపు ఎప్పుడైనా రావచ్చు. సూది పడని పిల్లల్లో లక్షకు 4 నుంచి 7 మందికి ఇలా ఆలస్యంగా వస్తుందని లెక్క, వాళ్లలో దాదాపు సగం మందికి మెదడులోనే. ముక్కులోంచి, బొడ్డులోంచి కొద్దిగా నెత్తురు కనబడినా పసరు మందులు పూయకుండా అదే రోజు పిల్లల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి.

మన దగ్గర ఇవ్వరని కాదు. ఆస్పత్రుల్లో పుట్టే ప్రతి బిడ్డకూ ఇవ్వాలని 2014లో కేంద్ర ప్రభుత్వం మార్గదర్శకాలు ఇచ్చింది. కిలో, ఆపైన ఉంటే 1 మిల్లీగ్రాము, కిలో లోపైతే అర. నా బాధ వేరే. ఇచ్చారో లేదో తల్లికి తెలియదు. ఇక్కడ ప్రతి బిడ్డకూ ఇచ్చే ఎర్ర పుస్తకంలో విటమిన్ కె ఇచ్చిన తేదీ రాస్తాం, తల్లి దాన్ని తన దగ్గరే దాచుకుంటుంది.

ఈ వేసవిలో మా చెల్లెకు హన్మకొండలో ఒక ప్రైవేట్ ఆస్పత్రిలో పాప పుట్టింది. తొమ్మిదో రోజు వీడియో కాల్‌లో డిశ్చార్జి కార్డు చూపించమన్నా. బీసీజీ ఉంది, పోలియో ఉంది, హెపటైటిస్ బి ఉంది. విటమిన్ కె మాట ఎక్కడా లేదు. ఆస్పత్రికి ఫోన్ చేస్తే "ఇచ్చే ఉంటం మేడమ్, అందరికి ఇస్తం కద" అన్నారు. ఇచ్చే ఉంటం అనే మాట నాకు సరిపోలేదు. అమ్మ మధ్యలో అందుకుంది: "మీ ఇద్దరిని కన్నప్పుడు ఏ సూది ఇచ్చిండ్రే? ఊకె టెన్షన్ పెట్టకు." అమ్మకు తండా పాప సంగతి ఎన్నడూ చెప్పలేదు. అప్పుడు చెప్పా. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "పొద్దుగాల తీస్కపోతం తియ్" అంది.

మర్నాడు పిల్లల డాక్టర్, కార్డులో రాసి లేదు కాబట్టి ఇవ్వడమే మంచిదని ఇచ్చారు. నేను నైట్ డ్యూటీ దిగి బస్సులో ఉన్నప్పుడు చెల్లె వాట్సాప్‌లో ఫొటో పెట్టింది. పోలియో కింద నీలి ఇంకుతో ఒక వరుస: విటమిన్ కె, 1 మిల్లీగ్రాము, కుడి తొడ, తేదీ, సంతకం. ఆ కింద చెల్లె మెసేజ్: "మంచిగ పాలు తాగి పండుకున్నదే అక్కా. ఇగ నువ్వు కూడ పండుకో."