మేతకు రాని చేప

తిరుపతి బైరాగిపట్టెడలోని మా ఇంట్లో ఆరేళ్లుగా ఒక మూడడుగుల అక్వేరియం ఉంది. దాదాపు 100 లీటర్ల నీళ్లు పట్టే ఆ ట్యాంకులో గోల్డ్‌ఫిష్‌లను పెంచుతున్నాము. ఉదయం మేత వేసే పని మా అమ్మాయిది. రెండేళ్ల కిందట ఒకరోజు ఆ పిల్ల వచ్చి, "నాన్నా, తెల్లది తినడానికి రాలేదు" అని చెప్పింది. నేను వెళ్లి చూశాను. ఒంటి మీద మచ్చ లేదు, రెక్క చిరగలేదు, ఏమీ లేదులే అనుకుని ఆఫీసుకు వెళ్లిపోయాను. మూడో రోజుకు దాని తోక మీద ఉప్పు రవ్వ చల్లినట్టు తెల్లటి చుక్కలు కనిపించాయి.

చేపకు జబ్బు చేసినప్పుడు ముందుగా మారేది దాని నడవడి. ఒంటి మీద గుర్తులు కనిపించేసరికి చాలాసార్లు ఆలస్యమైపోతుంది. రోజూ మేతకు ఎగబడే చేప ఒక మూలన నిలబడిపోవడం, పైరెక్కను విప్పకుండా వీపుకు ఆనించి ఉంచుకోవడం, రాళ్లకో ఫిల్టరు గొట్టానికో ఒంటిని రాసుకుని ఉలిక్కిపడినట్టు దూసుకుపోవడం, ఇవన్నీ కంటికి కనిపించని దశలోనే మనకు అందే సూచనలు. అన్నిటికంటే ముఖ్యంగా నేను మొప్పలను చూస్తాను. చేపలు కులాసాగా ఉన్న రోజున ఒక్కొక్కదాని మొప్పలు నిమిషానికి ఎన్నిసార్లు తెరుచుకుని మూసుకుంటున్నాయో లెక్కపెట్టి ఒక నోటుపుస్తకంలో రాసుకున్నాను కాబట్టి, అనుమానం వచ్చిన రోజున పోల్చుకోవడానికి ఒక ఆధారం ఉంటుంది.

ఏది మామూలో తెలియకపోతే ఏది జబ్బో తెలియదు. గౌరామీ, ఫైటర్ చేపలు నీటి పైకి వచ్చి గాలి పీల్చుకోవడం వాటి సహజ స్వభావం, ఎందుకంటే వాటికి మొప్పలతో పాటు గాలిని నేరుగా వాడుకునే అవయవం కూడా ఉంది. నియాన్ టెట్రా చేపల రంగు రాత్రిపూట వెలిసినట్టు కనిపించి, దీపం వేసిన కాసేపటికి తిరిగి వస్తుంది. ఈ విషయంలో నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. ఒక గోల్డ్‌ఫిష్ మొప్పల మూతల మీద, ఛాతీ రెక్కల ముందు అంచు మీద తెల్లటి చిన్న గింజల్లాంటివి వరుసగా కనిపిస్తే, వైట్ స్పాట్ (ఒంటి మీద తెల్ల చుక్కలు తెచ్చే జబ్బు) అనుకుని నాలుగు రోజులు మందు వేశాను. అవి మగ గోల్డ్‌ఫిష్‌లకు జతకట్టే కాలంలో వచ్చే బుడిపెలు. జబ్బు చుక్కలు తోక, రెక్కలు, ఒళ్లు అనే తేడా లేకుండా ఎక్కడపడితే అక్కడ పొడుస్తాయి. ఈ బుడిపెలు మాత్రం ఆ రెండు చోట్లనే తీరుగా ఉంటాయి. జబ్బు లేని చేపకు ఆ మందు పట్టించినందుకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఒక చేప ఒక్కటే రొప్పుతుంటే జబ్బు ఆ చేపదని, చేపలన్నీ ఒకేసారి నీటి పైకి చేరి నోళ్లు తెరుస్తుంటే జబ్బు నీటిదని నేను మొదట అనుకుంటాను. మన తిరుపతి ఎండాకాలంలో ఈ రెండోదే ఎక్కువ. 25 డిగ్రీల నీటిలో లీటరుకు 8 మిల్లీగ్రాములకు కొంచెం పైగా ఆక్సిజన్ కరుగుతుంది, 35 డిగ్రీలకు అది 7 దగ్గరికి దిగుతుంది. అదే వేడికి చేపకు కావలసిన ఆక్సిజన్ మాత్రం పెరుగుతుంది. మధ్యాహ్నం కరెంటు పోయి ఎయిర్ పంపు ఆగిందంటే, గంట గడవకముందే చేపలన్నీ పైకి వచ్చేస్తాయి.

నీటిలో కంటికి కనిపించని విషం అమ్మోనియా. చేపల విసర్జన నుంచి, మిగిలిన మేత నుంచి పుట్టే దీన్ని ఫిల్టరులోని బ్యాక్టీరియా నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. కొత్త ట్యాంకులో ఆ బ్యాక్టీరియా కుదురుకోవడానికి సుమారు 4 నుంచి 6 వారాలు పడుతుంది, కొత్తగా పెంచేవాళ్ల చేపలు చాలావరకు పోయేది ఆ వారాల్లోనే. మా బోరు నీళ్ల పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే కొలత) టెస్ట్ కిట్‌లో 8 దగ్గర చూపిస్తుంది. 25 డిగ్రీల దగ్గర, పీహెచ్ 7 ఉన్నప్పుడు మొత్తం అమ్మోనియాలో విషంగా పనిచేసే భాగం నూటికి ఒకటి కూడా ఉండదు, పీహెచ్ 8 అయితే అది నూటికి 5 దాటుతుంది. అందుకే ఏ చేప డీలా పడినా నేను మందు సీసా కంటే ముందు టెస్ట్ కిట్ తీస్తాను. అమ్మోనియా గానీ నైట్రైట్ గానీ సున్నా కాకుండా కనిపిస్తే వెంటనే మూడో వంతు నీళ్లు మారుస్తాను. కుళాయి నీళ్లయితే క్లోరిన్ విరిచే మందు కలపకుండా పోయను.

ఇక ఆ తెల్లచేప సంగతి. వైట్ స్పాట్‌కు కారణమైన పరాన్నజీవి చేప చర్మం కింద ఉన్నంతసేపు ఏ మందూ దాన్ని తాకలేదు. అది పెరిగి, రాలి, ట్యాంకు అడుగున చేరి వందలుగా విడిపోతుంది. ఆ పిల్లలు కొత్త చేప కోసం ఈదుతున్నప్పుడే మందు పనిచేస్తుంది. చుక్కలు మాయమయ్యాయంటే జబ్బు తగ్గిందని కాదు, అది అడుగుకు చేరిందని అర్థం. ఇది తెలియక నేను ఐదో రోజున మందు ఆపేశాను. వారం తిరిగేసరికి అప్పుడు ట్యాంకులో ఉన్న నాలుగు చేపలకూ చుక్కలు వచ్చాయి. రెండో విడత రెండు వారాల పాటు ఆపకుండా వేశాక మూడు బతికాయి, తెల్లది బతకలేదు.

నోటి చుట్టూ దూది అంటినట్టు కనిపించేది బూజు అనుకుంటాము గానీ, అది చాలాసార్లు బ్యాక్టీరియా వల్ల వచ్చేది; వేడి నీటిలో అది ఇంకా త్వరగా ముదురుతుంది కాబట్టి వైట్ స్పాట్‌కు చేసినట్టు నీటి వేడి పెంచడం ప్రమాదం. పొట్ట ఉబ్బి, పొలుసులు విచ్చుకుని నిక్కబొడుచుకున్నాయంటే లోపలి అవయవాలు దెబ్బతిన్నట్టే. ఆ దశ నుంచి కోలుకునే చేపలు చాలా తక్కువ.

ఆ వైట్ స్పాట్ మా ఇంటికి వచ్చింది షాపు నుంచి తెచ్చిన రోజే ట్యాంకులో వదిలిన ఒక కొత్త చేపతో. అప్పటి నుంచి కొత్త చేపల కోసం వరండాలో ఒక 40 లీటర్ల టబ్బు, దానికి వేరే స్పాంజ్ ఫిల్టరు, వేరే వల పెట్టుకున్నాము. ఇప్పుడు అందులో రెండు చిన్న గోల్డ్‌ఫిష్‌లు పదకొండో రోజు గడుపుతున్నాయి. రెండూ ఈ ఉదయం మేతకు వచ్చాయని మా అమ్మాయి పుస్తకంలో రాసింది. ఇంకో పది రోజులు అవి అక్కడే ఉంటాయి.