బక్కోడి 120

బక్కోడు కుర్రతనంలో మంచు మీద జారే స్కీలతో ఎంత స్పీడుగా వెళ్లాడన్నది మేం కలిసినప్పుడల్లా కాస్త పెరుగుతూ ఉంటుంది. మొదట్లో గంటకి 90 కిలోమీటర్లు అనేవాడు. కొన్నేళ్లకి 100 అయింది. ఈసారి స్విట్జర్లాండ్‌లో, లౌటర్‌బ్రునెన్ నుంచి వెంగెన్‌కి ఎక్కే రైల్లో కూర్చుని, కిటికీలోంచి కొండల్ని చూస్తూ తాపీగా 120 అనేశాడు. ఆ రోజుల్లో మా దగ్గర కొలిచే సాధనమేదీ లేదు, కాబట్టి కాదనడానికి ఆధారమూ లేదు. మాలో మూడోవాడు, లెక్చరర్, మాత్రం కళ్లజోడు తుడుచుకుంటూ "రేపు తేలుతుందిలే" అన్నాడు. వాడు ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాడు, మాకు మాత్రం ఇంకా చెబుతూనే ఉన్నాడు.

బక్కోడన్న పేరు కాలేజీ రోజుల నాటిది. ఇప్పుడు వాణ్ణి చూస్తే ఆ పేరెందుకొచ్చిందో ఎవరికీ అంతుపట్టదు. అయినా ఈ వయసులో కొత్త పేరు పెట్టే ఓపిక మాకు లేదు.

వెంగెన్‌కి కారు దారి లేదు. 1893 నుంచి నడుస్తున్న, పట్టాల మధ్య పళ్ల చక్రం పట్టుతో కొండ ఎక్కే ఈ రైలే ఊరికి ఆధారం. లోయ అడుగు దాదాపు 800 మీటర్ల ఎత్తులో ఉంటే ఊరు 1,274 మీటర్ల దగ్గర, ఒక గట్టు మీద కూర్చుని ఉంటుంది. మంచు కాలంలో రైల్లో సగం మంది చేతుల్లో స్కీలే. మేం అక్కడికి వెళ్లింది ఊరు చూడ్డానికి కాదు, లౌబర్‌హార్న్ డౌన్‌హిల్ కోసం, అంటే స్కీల మీద కొండ దిగే పందెం వాలు కోసం. 1930 నుంచి జరుగుతున్న పోటీ అది. 2,315 మీటర్ల దగ్గర మొదలై 1,287 దగ్గర ముగుస్తుంది. పొడవు దాదాపు నాలుగున్నర కిలోమీటర్లు. స్కీ వరల్డ్ కప్‌లో ఇంత పొడుగు డౌన్‌హిల్ ఇంకోటి లేదు. మేం ముగ్గురం కలిసి స్కీయింగ్ నేర్చుకున్న రోజుల నుంచీ టీవీలో చూస్తున్నదే. పోటీ జనవరిలో అయిపోతుంది. ఆ తర్వాత టికెట్ కొనుక్కున్న ఎవరైనా అదే వాలు మీద దిగొచ్చు. అందుకే మార్చిలో వెళ్లాం.

ఆ రాత్రి గదిలో చాలాసేపు పాత కబుర్లే. మేం నేర్చుకున్న స్కీలు మా తలల కన్నా పొడుగ్గా, కొసలు తప్ప మిగతా అంతా తిన్నగా ఉండేవి. వాటిని మలుపు తిప్పాలంటే ఒళ్లంతా ఉపయోగించాలి. నడుము దగ్గర సన్నగా, రెండు చివరలా వెడల్పుగా ఉండే కార్వింగ్ స్కీలు 1990లలో వచ్చాక, పక్కకి వాలితే చాలు, స్కీ తనంతట తనే వంపు తిరగడం మొదలుపెట్టింది. హెల్మెట్ సంగతి సరే సరి, ఉన్ని టోపీ పెట్టుకుని ఐసు మీద దూకేవాళ్లం. ఇప్పుడు తల్చుకుంటే నాకు ఒళ్లు జలదరిస్తుంది గానీ, బక్కోడు మాత్రం అదేదో స్వర్ణయుగం అన్నట్టు నిట్టూరుస్తాడు.

ఫ్రాన్స్‌లోని షామొనీ కబురు కూడా వచ్చింది. అక్కడ 3,842 మీటర్ల ఎగ్వీ డ్యు మిడి శిఖరం మీదకి కేబుల్ కార్‌లో వెళ్లి, హిమానీనదం మీదుగా దాదాపు 20 కిలోమీటర్లు దిగే వాలే బ్లాంష్ అనే దారి ఉంది. కేబుల్ కార్ దిగగానే స్కీలు వీపుకి కట్టుకుని, బూట్లకి ఇనుప ముళ్లు తగిలించుకుని, రెండు పక్కలా లోయ ఉన్న సన్నని మంచుగట్టు మీద నడవాలి. మా గైడు ముగ్గురినీ ఒకే తాడుకి కట్టాడు. బక్కోడు ఆ గట్టు మీద ఒక్క ముక్క మాట్లాడలేదు. వాణ్ణి అంత నిశ్శబ్దంగా నేను మళ్లీ చూడలేదు. కిందకి చేరాక, "ఎంత పడితే అంత స్పీడుగా పొమ్మను, పోతా. నడవమనొద్దు" అన్నాడు. లెక్చరర్‌కి ఆ రోజు బాగా గుర్తు, ఎందుకంటే తాడులో వెనకాల ఉన్నది వాడే. మంచు నెర్రెల మధ్య గైడు గీసిన గీత దాటకుండా మెల్లగా దిగిన ఆ ప్రయాణాన్ని వాడు తన జీవితంలో గొప్ప సాహసంగా లెక్కేస్తాడు. బక్కోడి లెక్కలో అది సాహసమే కాదు, స్పీడు లేదుగా.

మర్నాడు మొదటి రైళ్లలో ఒకదాన్ని పట్టుకుని 2,061 మీటర్ల ఎత్తున ఉన్న క్లైన షైడెగ్ స్టేషన్‌కి చేరాం. ఎదురుగా ఐగర్, మోంక్, యూంగ్‌ఫ్రౌ శిఖరాలు. ఐగర్ ఉత్తర ముఖం ఇంకా నీడలోనే ఉంది. చెయిర్‌లిఫ్ట్ ఎక్కి పోటీ మొదలయ్యే చోటికి వెళ్లాం. రాత్రి యంత్రం దువ్వి వదిలిన మంచు కార్దురాయ్ గుడ్డలా చారలు చారలుగా, గట్టిగా ఉంది. పొద్దున్న పూట మార్చి మంచు ఇలాగే ఉంటుంది. రాత్రి గడ్డకట్టి, మధ్యాహ్నానికి మెత్తబడి, సాయంత్రానికి ముద్దవుతుంది. స్పీడు కావాలంటే పొద్దున్నే రావాలి, జనం కూడా ఉండరు. పైనుంచి వచ్చేవాడే కింద ఉన్నవాడిని తప్పించుకోవాలన్నది అంతర్జాతీయ స్కీ సమాఖ్య నియమం. నిండిన వాలు మీద స్పీడుగా పోవడాన్ని నేను థ్రిల్ అనను, దౌర్జన్యం అంటాను.

లెక్చరర్ అక్కడ నిలబడే లెక్కలేశాడు. ఈ వాలు మీద 1997లో ఇటలీ ఆటగాడు క్రిస్టియన్ గెడీనా 2 నిమిషాల 24.23 సెకన్లలో దిగి రికార్డు పెట్టాడు. అంటే సగటున గంటకి సుమారు 112 కిలోమీటర్లు. "మలుపులూ, దూకుళ్లూ అన్నీ కలిపి సగటు రా అది. నీ 120 ఎక్కడ?" అన్నాడు. బక్కోడు గాగుల్స్ సర్దుకున్నాడు, జవాబివ్వలేదు.

పై భాగం నాకు ఊహించినంత భయంగా అనిపించలేదు. వెడల్పైన వాలు, పొడుగు మలుపులు. అసలు విషయం హుండ్‌షోప్ఫ్ అనే చోట ఉంది. రెండు రాళ్ల మధ్య ఇరుకు సందు, దాని వెనక నేల కనబడదు. పోటీదారులు ఆ సందులోంచి గాల్లోకి వెళతారు. మేం పక్కనుంచి మెల్లగా తిరిగి, కిందకి వచ్చి తలెత్తి చూశాం. టీవీలో కెమెరా ఆ ఎత్తుని మింగేస్తుంది. కింద నిలబడి చూస్తే ఆ సందులోంచి మనిషి దూకి రావడం అనేది బుర్రకెక్కదు. బక్కోడు చాలాసేపు చూసి, "నేనైతే దూకను" అన్నాడు. వాడి నోటి నుంచి ఆ మాట వినడానికైనా అంత దూరం వెళ్లొచ్చు.

ఇంకా కింద కెర్నెన్-ఎస్ అనే మలుపుల జంట ఉంది. స్విస్ ఆటగాడు బ్రూనో కెర్నెన్ 1997లో అక్కడే పడ్డాడు. తర్వాత 2003లో ఇదే లౌబర్‌హార్న్‌లో గెలిచాడు కూడా. అది దాటాక దారి రైలు పట్టాల కిందనుంచి వెళుతుంది. మేం ఆ కమాను కింద దూరినప్పుడు పైన రైలు వెళుతోంది, కిటికీల్లోంచి ఎవరో చేతులూపారు.

హానెగ్‌షూస్ అనే తిన్నని దిగుడు దగ్గర ఆగాం. 2013లో ఫ్రాన్స్ ఆటగాడు జొహాన్ క్లారే ఇక్కడ గంటకి 161.9 కిలోమీటర్లు అందుకున్నాడు. 2022 బీజింగ్ ఒలింపిక్స్‌లో డౌన్‌హిల్ రజతం గెలిచినప్పుడు అతనికి 41 ఏళ్లు. ఆ సంగతి చెప్పగానే మా వాడికి ఎక్కడలేని హుషారు వచ్చింది. కింద ఎవరూ లేరు. ఫోన్‌లో జీపీఎస్ ఆన్ చేసి జేబులో పెట్టుకుని ఒకరి తర్వాత ఒకరం దిగాలనుకున్నాం.

నా వంతు వచ్చింది. మొదటి కొన్ని మీటర్లు స్కీలు మంచు చారల మీద గరగరమన్నాయి. తర్వాత ఆ చప్పుడు ఒక్కటే గీతగా మారింది. మోకాళ్లు వంచి, మోచేతులు ముందుకి చాచి, గడ్డం చేతుల దగ్గరికి తెచ్చాను. ఒంగగానే చెవుల్లో గాలి హోరు తగ్గి, స్కీలు ఒక్కసారిగా ముందుకి లాగాయి. వాలు మీద చిన్న చిన్న మిట్టలన్నీ తొడల్లోకి వచ్చి కొడుతున్నాయి. పక్కనున్న వలలు ఎరుపు గీతలైపోయాయి. గాగుల్స్ లోపల కూడా కళ్లల్లో నీళ్లు. భయం లేదనను, కానీ ఆ క్షణంలో ఇంకో ఆలోచనకి చోటు లేదు. పాతికేళ్లప్పుడు ఎలా ఉండేదో అచ్చం అలాగే ఉంది, ఆగాక తొడలు వణకడం ఒక్కటే కొత్త.

నా ఫోన్ 64 చూపించింది. లెక్చరర్‌ది 52, దానికి వాడేమీ బాధపడలేదు. బక్కోడిది 71.

"తప్పు చూపిస్తోంది" అన్నాడు బక్కోడు.

"తప్పే. ఫోన్ జీపీఎస్ ఒక్కోసారి ఎక్కువే చూపిస్తుంది" అన్నాడు లెక్చరర్. అంతటితో వదలకుండా మంచు మీద స్కీ పోల్‌తో గీతలు గీస్తూ వివరించాడు. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగింతలవుతుంది. ఒళ్లు బరువైతే కిందకి లాగే బలం ఆ మేరకి పెరుగుతుంది, గాలికి తగిలే భాగం మాత్రం అంతగా పెరగదు. కాబట్టి ఒకే వాలు మీద, ఒకేలా ఒంగితే, లావుగా ఉన్నవాడే ముందుంటాడు. "ఇంత బరువుతో, ఇంత మంచి స్కీలతో 71 వచ్చిందంటే, నిజంగా బక్కగా ఉన్న రోజుల్లో నువ్వు 60 దాటి ఉండవు."

బక్కోడు కాసేపు ఆలోచించి, "అంటే ఇప్పుడు నేను నా జీవితంలోకెల్లా స్పీడుగా ఉన్నానన్నమాట" అన్నాడు. లెక్చరర్ దగ్గర దీనికి జవాబు లేదు. నాకైతే వాడి 120 అబద్ధమని ఇప్పటికీ అనిపించదు. ఉన్ని టోపీతో, అంత పొడుగు స్కీల మీద, అప్పటి 60 ఒంటికి అలాగే తెలిసి ఉంటుంది.

చివరి ఎస్ మలుపు దగ్గర ముగ్గురం నెమ్మదించాం. 1991లో ఆస్ట్రియా కుర్రాడు గెర్నోట్ రైన్‌స్టాడ్లర్ అర్హత పరుగులో ఇక్కడే పడి, ఆ దెబ్బలతో చనిపోయాడు. 20 ఏళ్లు. అప్పటికి రెండు నిమిషాలకు పైగా ఒంగి వచ్చిన కాళ్లు ఇక్కడికి చేరేసరికి మాట వినవు. ఆగి ఆగి వచ్చిన మా కాళ్లే వినలేదు.

మళ్లీ పైకి వెళ్లే రైల్లో బక్కోడు లోయకి అవతల ఉన్న షిల్ట్‌హార్న్ వైపు చూపించాడు. అక్కడ్నుంచి కూడా ఒక పోటీ ఉంది, ఇన్‌ఫెర్నో. 1928లో మొదలైంది, 14.9 కిలోమీటర్లు, ఔత్సాహికులందరికీ ప్రవేశం. ఏటా దాదాపు 1,850 మంది దిగుతారు. మధ్యలో కొంత దూరం ఎక్కుడు కూడా ఉందని, అక్కడ చెమటలు పట్టించుకుంటూ తోసుకుపోవాలని లెక్చరర్ చెప్పాడు.

"ఎక్కుడా?" అన్నాడు బక్కోడు.

"ఎక్కుడే."

"అక్కడ నువ్వు తోయి. దిగుడు నేను చూసుకుంటా. దరఖాస్తు ఎప్పుడు పెట్టాలో కనుక్కో."