అన్నయ్య నూనె సీసా, నా కాల్‌ప్రొటెక్టిన్ అంకె

డెన్వర్‌లో ఉంటున్న మా పెదనాన్నగారి అబ్బాయికీ నాకూ ఒకే కోవకు చెందిన జబ్బులున్నాయి. అన్నయ్యది క్రోన్స్, నాది అల్సరేటివ్ కొలైటిస్. రెండింటిలోనూ రోగనిరోధక వ్యవస్థ సొంత పేగు గోడ మీదే తిరగబడుతుంది. ఆ ఇన్‌ఫ్లమేషన్ వల్ల పేగు వాస్తుంది, పుండ్లు పడతాయి. పోయిన సంక్రాంతికి ఫోను చేసినప్పుడు అన్నయ్య, "గంజాయి నూనె మొదలుపెట్టాక నొప్పి పోయిందమ్మా, నిద్ర కూడా పడుతోంది, ఇంక ఆ ఇంజెక్షన్లు మానేద్దామనుకుంటున్నాను" అన్నాడు. పద్దెనిమిదేళ్లుగా ఇంటర్మీడియట్ పిల్లలకు వృక్షశాస్త్రం చెబుతున్న నాకు ఆ మొక్క గురించి కొంత తెలుసు గానీ, అది పేగులో చేసే పని గురించి తెలిసింది చాలా తక్కువ. ఆ ఫోను తరువాత చదివి అర్థం చేసుకున్నదాన్ని ఇక్కడ రాస్తున్నాను.

కడుపు జబ్బులకు ఈ మొక్కను వాడడం మన దేశానికి కొత్త కాదు. ఆయుర్వేదంలో గ్రహణి అనే విరేచనాల జబ్బుకు ఇచ్చే జాతీఫలాది చూర్ణంలో భంగు ఉంటుంది. కలకత్తా వైద్య కళాశాలలో పనిచేసిన ఓషానెస్సీ అనే వైద్యుడు 1839 ప్రాంతంలో కలరా రోగులకు సైతం దీన్ని ఇచ్చి చూశాడు. అది ఎందుకు పనిచేస్తుందన్న ప్రశ్నకు జవాబు మాత్రం ఇరవయ్యో శతాబ్దం రెండో సగం దాకా దొరకలేదు. ఇజ్రాయెల్‌లో మెషూలం, గవోని 1964లో గంజాయిలోని మత్తు పదార్థమైన టీహెచ్‌సీని వేరుచేశారు. మన కణాల మీద దాన్ని అందుకునే గ్రాహకాలలో సీబీ1 జన్యువును 1990లో, సీబీ2 జన్యువును 1993లో గుర్తించారు. మొక్క కోసం శరీరం గ్రాహకాలు సిద్ధం చేసుకోదు కాబట్టి శరీరంలోనే అలాంటి పదార్థం ఏదో ఉండి ఉండాలని వెతికితే, 1992లో ఒకటి దొరికింది. సంస్కృతంలోని "ఆనంద" శబ్దాన్ని తీసుకుని దానికి ఆనందమైడ్ అని పేరు పెట్టారు. 1995లో బయటపడిన రెండోది, 2-ఏజీ, కుక్క పేగు నుంచి వేరుచేసినది కావడం నాకు చాలా అర్థవంతంగా తోచింది, ఎందుకంటే ఈ వ్యవస్థకు మెదడు ఎంత ముఖ్యమైన చోటో పేగు కూడా అంతే.

పేగు గోడలోని నాడీకణాల మీద సీబీ1 ఎక్కువగా ఉంటుంది. అది ప్రేరేపితమైతే కండరాన్ని కదిలించే అసిటైల్‌కోలిన్ విడుదల తగ్గి పేగు కదలిక నెమ్మదిస్తుంది, విరేచనాలు తగ్గుతాయి, నొప్పి కూడా మందగిస్తుంది. రోగనిరోధక కణాల మీద ఎక్కువగా ఉండే సీబీ2 మాత్రం వాపును రగిల్చే సంకేతాలను తగ్గిస్తుంది. నూనె సీసాల మీద మనం చూసే సీబీడీ, అంటే గంజాయిలోనే ఉండే మత్తెక్కించని పదార్థం, ఈ రెండు గ్రాహకాలకూ గట్టిగా అతుక్కోదు. అది వేరే దారుల్లో పనిచేస్తుంది.

నన్ను ఎక్కువసేపు ఆపేసిన విషయం వేరే ఉంది. పేగు లోపలి పొరలోని కణాలలో పి-గ్లైకోప్రొటీన్ అనే పంపు ఒకటి ఉంటుంది. అది శరీరం తయారుచేసిన ఆనందమైడ్ లాంటి పదార్థాలను కణంలోంచి పేగు బోలులోకి తోస్తూ ఉంటుందని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో చూపించారు. అలా బయటికొచ్చిన పదార్థాలు, పొరను దాటి దండుగా రావడానికి సిద్ధంగా ఉన్న న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలను సీబీ2 ద్వారా నిలువరిస్తాయి. కొలైటిస్‌లో పుండు పడేది ముఖ్యంగా ఈ దండు వల్లనే. ఆ పంపును నడిపించడంలో పేగు బాక్టీరియాకూ పాలుందని తరువాతి పనిలో తేలింది: మనం తిన్న పీచును పులియబెట్టి కొన్ని బాక్టీరియా తయారుచేసే బ్యూటిరేటు, వాటి చేతుల్లో రూపం మారిన పిత్త ఆమ్లాలు కలిసి ఆ పంపు సంఖ్యను పెంచుతాయి. ఇదంతా ఎక్కువగా ఎలుకల్లోనూ, ప్రయోగశాలలో పెంచిన కణాల్లోనూ చూసినదే అయినా, బాక్టీరియా నుంచి బ్యూటిరేటుకు, బ్యూటిరేటు నుంచి పంపుకు, పంపు నుంచి మన సొంత కానబినాయిడ్లకు (శరీరమే తయారుచేసే ఆనందమైడ్ లాంటి పదార్థాలకు) సాగే ఈ గొలుసును చదివిన రోజు నేను వంటగదిలో జొన్నపిండి డబ్బాను కొత్త గౌరవంతో చూశాను.

అయితే ఈ వ్యవస్థను ఎంత పెంచితే అంత మేలు అనుకోవడం పొరపాటు. సీబీ1 లేని ఎలుకలకు రసాయనంతో కొలైటిస్ తెప్పిస్తే అది మరింత తీవ్రమైంది. లావెక్కిన ఎలుకల్లో మాత్రం అదే సీబీ1ను అడ్డుకుంటే పేగు గోడ బిగువు పెరిగి, బాక్టీరియా విషపదార్థాలు రక్తంలోకి జారడం తగ్గింది. ఏ జబ్బులో, ఏ కణం మీద, ఎంతసేపు అన్నదాన్ని బట్టి ఫలితమే తిరగబడుతుంది.

మనుషుల్లో జరిగిన పరీక్షలు కూడా ఇంత జాగ్రత్తగా చదవవలసినవే. ఇజ్రాయెల్‌లో తిమ్నా నఫ్తాలి బృందం 2013లో 21 మంది క్రోన్స్ రోగులతో ఒక పరీక్ష చేసింది. 8 వారాల పాటు గంజాయి సిగరెట్లు తాగిన 11 మందిలో 10 మందికి లక్షణాలు బాగా తగ్గాయి. ఉత్తుత్తి సిగరెట్లు తాగిన 10 మందిలో తగ్గినది నలుగురికే. 2021లో సీబీడీ ఎక్కువగా ఉన్న నూనెతో 56 మంది మీద చేసిన పరీక్షలోనూ రోగులకు హాయిగా అనిపించింది, జీవితం మెరుగుపడింది. కానీ ఎండోస్కోపీలో పుండ్లు మాత్రం మారలేదు, రక్తంలోనూ మలంలోనూ వాపును చూపే గుర్తులు దిగలేదు. ఆ వాక్యం దగ్గర నేను పుస్తకం మూసేశాను, ఎందుకంటే అది నా అనుభవమే.

రెండేళ్ల క్రితం నొప్పి లేదు, రక్తం లేదు, పెళ్లిళ్లకు వెళ్లి ఆవకాయ కూడా తింటున్నాను. మూడు నెలలుగా మాత్రలు సరిగా వేసుకోవడం లేదని డాక్టరుగారికి చెబితే ఆయన మందలించకుండా మల పరీక్ష రాసిచ్చారు. పేగు వాపును మలంలో చూపే ప్రొటీన్ అయిన కాల్‌ప్రొటెక్టిన్, 50 లోపు ఉండవలసినది, 640 ఉంది. ఆ కాగితాన్ని ల్యాబు మెట్ల మీదే నిలబడి మూడుసార్లు చదివాను. అంకె పక్కన ఎర్రటి నక్షత్రం గుర్తు ఉంది. తరువాతి వారం తీసిన కొలనోస్కోపీ ఫోటోల్లో పేగు లోపలి గోడ, గట్టిగా గీరుకుపోయిన మోకాలి చర్మంలా, ఎర్రగా రసి కారుతూ ఉంది. నాకు మాత్రం ఏమీ తెలియలేదు. మంట తెలియకుండా ఉండడానికి నాకు ఏ నూనె అవసరం కూడా రాలేదు. తెలిసే మంటను కూడా నూనె కప్పేస్తే అన్నయ్యకు జబ్బు ముదిరిన సంగతి ఎలా తెలుస్తుంది?

నొప్పి తగ్గడం చిన్న విషయమని నేను అనడం లేదు. రాత్రి నాలుగుసార్లు లేచే మనిషికి నిద్ర ఎంత విలువైనదో నాకు తెలుసు. అందుకే నూనె మానమని అన్నయ్యను అడగలేదు. అక్కడ అది చట్టబద్ధం; వైద్యురాలికి చెప్పి, మిగతా మందులతో దాని పొత్తు కుదురుతుందో లేదో చూసి వాడుకోమన్నాను, సీబీడీ కాలేయ ఎంజైములను పెంచగలదు కాబట్టి ఆ రక్త పరీక్ష కూడా చేయించుకోమన్నాను. ఇంజెక్షన్ల సంగతి మాత్రం గట్టిగానే మాట్లాడాను. "ఆఖరుసారి కాల్‌ప్రొటెక్టిన్ ఎప్పుడు చేయించుకున్నావన్నయ్యా?" అని అడిగితే చాలాసేపు మాట్లాడలేదు. ఏడాదిన్నర అయిందట. వచ్చే సోమవారం నమూనా ఇస్తానని, ఆ అంకె చూసేదాకా ఇంజెక్షను ఒక్కటి కూడా తప్పించనని మాట ఇచ్చాడు.