సార్ ఎప్పుడొస్తారండీ?

చిన్నదానికి ఆఫర్ లెటర్ వచ్చింది. పొద్దున్నే ఫోన్ చేసి చెప్పింది. అత్తయ్యగారు అందరి నోట్లో పటికబెల్లం ముక్క పెట్టారు. ఆయన ఆఫీసుకి బయల్దేరుతూ నలుగురికి ఫోన్లు చేసుకున్నారు. నిజానికి ఇవాళ రాయాల్సింది దాని గురించే, కానీ అది తీరిగ్గా ఇంకోరోజు. ఇంత రాత్రప్పుడు నా బుర్రలో తిరుగుతున్నది గీజరు.

పాత కరెంటు గీజరు కథ మీకు తెలుసు. మా బోరు నీళ్ళ ఉప్పుకి కాయిల్ మీద తెల్లగా పెచ్చు కట్టీ కట్టీ దసరా ముందు చేతులెత్తేసింది. అప్పట్నుంచీ ఆయన కరెంటు బిల్లులు ముందేసుకుని లెక్కలు వేసి, చివరికి గవర్నర్‌పేటలో ఒక కొట్లో గ్యాస్ గీజరు తెచ్చారు. నన్ను ఒక్కమాట అడగలేదు. అది వేరే గొడవ, దానిమీద ఒక రౌండు అయిపోయింది.

ఇవాళ మధ్యాహ్నం బిగించే అబ్బాయి వచ్చాడు. డబ్బా విప్పాడు. బాత్‌రూములోకి వెళ్ళి షవరు పక్కన గోడమీద పెన్సిల్‌తో రెండు గీతలు గీసి, డ్రిల్లు వైరు ప్లగ్గులో పెట్టాడు. నేను గుమ్మంలో నిలబడి, "ఇక్కడ వద్దు బాబూ, బయట వాష్ ఏరియాలో పెట్టు" అన్నాను. నావైపు తిరక్కుండానే "సార్ ఎప్పుడొస్తారండీ?" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. డబ్బాలో వచ్చిన పుస్తకం నేను నిన్న రాత్రే చదివేశాను. సిలిండరు తెచ్చిన అబ్బాయిని గుమ్మంలోనే ఆపి, పైన పట్టీ లోపలివైపు రాసుండే గడువు చూసి గానీ లోపలికి రానివ్వని మనిషిని కదా నేను. (బి 28 అని ఉంటే 2028 ఏప్రిల్ నుంచి జూన్ లోపల దాన్ని మళ్ళీ టెస్టు చెయ్యాలని. ఎ అంటే మొదటి మూడు నెలలు, డి అంటే ఆఖరి మూడు. మీరూ చూసుకోండి.) గీజరు పుస్తకంలో బొమ్మేసి మరీ ఉంది, స్నానాలగదిలో బిగించకూడదని. చూపించాను. "అవన్నీ కంపెనీవాళ్ళు రాస్తారు మేడమ్. మేం ఎన్ని ఇళ్ళల్లో పెట్టాం, ఎవరికీ ఏం కాలేదు" అన్నాడు. అని, ఫోన్ తీసి నా ఎదురుగానే ఆయనకి కొట్టాడు. "సార్, మేడమ్‌గారు భయపడుతున్నారు."

భయపడుతున్నానట!

చూడ్డానికి చిన్న డబ్బాలాగే ఉంటుంది అది. కానీ నిమిషానికి 6 లీటర్ల నీళ్ళని ఓ 25 డిగ్రీలు వేడెక్కించాలంటే పది కిలోవాట్ల పైమాటే. అంటే వంటింట్లో పెద్ద బర్నర్లు నాలుగైదు ఒకేసారి ఫుల్లుగా వెలిగించినంత మంట. అయిదడుగులు ఏడడుగుల గదిలో, గడియ పెట్టుకుని, అన్ని పొయ్యిలు వెలిగించుకుని పక్కనే నిలబడి తలంటుకుంటారా ఎవరైనా? సిలిండరులో ఉండే ప్రొపేను, బ్యూటేను ఒక పాలు సరిగ్గా మండాలంటే గాలి 24 నుంచి 31 పాళ్ళు కావాలి. ఆ గాలి ఆ గదిలో ఎక్కణ్ణుంచి వస్తుంది? చాలకపోతే నీలంగా ఉండాల్సిన మంట పసుపు తిరుగుతుంది, మసి కడుతుంది, కార్బన్ మోనాక్సైడ్ అనే విషపుగాలి పుడుతుంది.

"వాసనేమన్నా వస్తే కట్టేసుకోవచ్చు కదండీ" అన్నాడు ఆ అబ్బాయి. అక్కడే వస్తుంది చిక్కంతా. ఆ మోనాక్సైడ్‌కి వాసన లేదు, రంగూ లేదు. అసలు సిలిండరు గ్యాసుకి వచ్చే వాసన కూడా సొంతం కాదు, లీకైతే తెలియాలని మెర్కాప్టాన్ కలుపుతారు, మంటలో అదీ కాలిపోతుంది. ఈ మోనాక్సైడ్‌ని మన రక్తం ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ముందు తలనొప్పి, వికారం, తర్వాత కాళ్ళలో సత్తువ పోవడం. గడియ తీద్దామనుకునేసరికి చెయ్యి లేవదు.

ఇదంతా నాకు పెద్దాడి పుణ్యాన తెలిసింది. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో మంచు తుఫాను వచ్చి కరెంటు పోయిందే, అప్పుడు మేమిక్కడ ఎంత టెన్షన్ పడ్డామో మీకు రాశాను. చలికి తట్టుకోలేక బొగ్గుల గ్రిల్లులు ఇళ్ళల్లోకి తెచ్చుకుని, గరాజ్‌లో కారు ఆన్ చేసుకుని కూర్చుని పోయినవాళ్ళున్నారు అక్కడ. వీడు కూడా ప్రొపేన్ హీటరు కొనడానికి పరిగెత్తాడు. కొట్లో దొరికింది పెరట్లో పెట్టుకునే రకం. పక్కింటాయన ఆపాడు, ఇంట్లో వాడే రకం వేరే ఉంటుంది, గదిలో ఆక్సిజన్ తగ్గితే దానంతటదే ఆరిపోయే ఏర్పాటు దానికుంటుంది, అదైనా కిటికీ కాస్త తెరిచి పెట్టుకోవాలి, పడుకునేముందు ఆర్పెయ్యాలి అని. అక్కడ చాలా రాష్ట్రాల్లో ఇళ్ళకి మోనాక్సైడ్ అలారం చట్టప్రకారం ఉండాలి. ఇక్కడ నాకున్న అలారం నేనే.

సరే, ఆ అబ్బాయి సంగతి. ఆయన ఫోన్‌లో "మేడమ్ ఎలా చెప్తే అలా చెయ్యి" అన్నారట. (అన్నారో లేదో!) టీ ఇచ్చాను. తాగుతూ మాటల్లో, "మేం బయట పెడతామనే అంటాం మేడమ్. బయటైతే పైపు ఖర్చు, వేడినీళ్ళు వచ్చేలోపు బకెట్ నీళ్ళు పోతాయి అని ఓనర్లే లోపల పెట్టమంటారు. కాదంటే ఇంకొకణ్ణి పిలుచుకుంటారు" అన్నాడు. అది విన్నాక నా కోపం సగం దిగింది. నిజమే, అతని తప్పేముంది? మన అపార్టుమెంట్లలో గీజరు బయట పెట్టుకునే చోటేది? ఉన్న మూడడుగుల వాష్ ఏరియాలో వాషింగ్ మెషీను, చీపుళ్ళు, ఖాళీ డబ్బాలు. పోనీ బాత్‌రూము వెనక డక్ట్‌లో పెడదామంటే, మన పొగ వేడికి పైకి లేచి పైవాళ్ళ వెంటిలేటర్లలో దూరుతుంది. మా వాష్ ఏరియాకి అద్దాలు బిగించకుండా గ్రిల్లుతో వదిలేశాం కాబట్టి సరిపోయింది.

దిగిన కోపం మళ్ళీ పది నిమిషాల్లో లేచింది. సంచిలోంచి ఆకుపచ్చ రబ్బరు ట్యూబు చుట్ట తీశాడు. వంటింట్లో సిలిండరుకి రెండు దారులు చీలే టీ జాయింటు పెట్టి, గోడ వెంబడి ఆ ట్యూబే లాగేస్తాడట. మన నారింజరంగు సురక్షా పైపే ఒకటిన్నర మీటరు దాటకూడదు, అయిదేళ్ళకోసారి మార్చాలి, వీడేమో బారెడు బారెడు రబ్బరు ట్యూబు! రెండో సిలిండరు వాష్ ఏరియాలోనే నిలువుగా పెట్టు, దానికి వేరే రెగ్యులేటరు, దూరం ఎక్కువైతే రాగిపైపు వెయ్యి, అయ్యాక జాయింట్లకి సబ్బు నురగ రాసి బుడగ రావట్లేదని నాకు చూపించు అన్నాను. ఇంకోటి, సిలిండరు పక్కనే నీళ్ళు పోయే తూము ఉంది. గ్యాసు గాలికంటే బరువు, లీకైతే నేలబారున పారి తూముల్లో చేరుతుంది. సిలిండరు అక్కణ్ణుంచి ఇవతలికి జరపమన్నాను. అతను నన్ను చూసిన చూపు ఎలా ఉందో చెప్పను. రేపు రాగిపైపు తెస్తానని వెళ్ళిపోయాడు.

ఇక్కడిదాకా రాశాక అనిపిస్తోంది, నాకు నిద్రపట్టంది ఆ అబ్బాయి గురించి కాదు.

సాయంత్రం పై ఫ్లాట్ వదినగారు వచ్చారు, మా గీజరు చూడ్డానికి. వాళ్ళది లోపలే, షవరు పక్కనే. వెంటిలేటరుకి థర్మోకోల్ ముక్క కోసి అడ్డంపెట్టారు, దోమలని. నేను సంగతి చెప్పబోతే, "రెండు చలికాలాలు వాడాం, మాకేం కాలేదమ్మా" అన్నారు. "కోడలికి మూడో నెల కదా, ఎలా ఉంది?" అన్నాను. "ఒకటే వేవిళ్ళు. పొద్దున స్నానం చేసి వచ్చిందంటే తలతిరుగుడు, వాంతి. దిష్టి తీస్తున్నాం రోజూ" అన్నారు. ఆ అమ్మాయి పొద్దుటిపూట డాబామీద జుట్టు ఆరబెట్టుకుంటూ నాతో ఏమంటుందంటే, "పైకొస్తే హాయిగా ఉంటుంది ఆంటీ, కిందే ఏదోలా ఉంటుంది."

వేవిళ్ళే కావచ్చు. మూడో నెలలో ఎవరికి లేవు? నాకు పెద్దాడప్పుడు మంచినీళ్ళు కూడా ఇమడలేదు.

కానీ ఆ దిష్టి మాట వినగానే నేను గుంటూరు బ్రాడీపేటలో పడ్డాను, అమ్మమ్మ వాళ్ళింట్లో. నేను నాలుగో అయిదో క్లాసు. పిన్ని పురిటికొచ్చింది. పుష్యమాసం చలి. మధ్యగది పురిటిగది. దానికి ఒకటే కిటికీ, అదీ మూసి, సందుల్లో పాతచీర పీలికలు కుక్కారు, పచ్చి బాలింతకి గాలి తగలకూడదని. పిన్ని చెవుల్లో దూది, తలకి గుడ్డ. నులకమంచం కింద కుంపటి. నా డ్యూటీ విసనకర్రతో బొగ్గులు రాజెయ్యడం, అమ్మమ్మ వచ్చి దాంట్లో సాంబ్రాణి వేసేది. కాసేపటికి నాకే కళ్ళు మూతలు పడేవి. పిన్ని "తల పగిలిపోతోందే అమ్మా" అనేది. చంటిది మాత్రం ఏడుపనేది లేకుండా ఒకటే నిద్ర. ఎంత బుద్ధిమంతురాలో అని వచ్చినవాళ్ళందరూ మెచ్చుకునేవాళ్ళు. దాన్ని తలుచుకుంటే ఇప్పుడు నాకు వెన్నులో చలి.

తలనొప్పికి అమ్మమ్మ కనిపెట్టిన కారణం ఎదురింటావిడ కళ్ళు. దిష్టి తియ్యాలి. అందుకు బాలింతని, బిడ్డని వసారాలోకి తెచ్చి తూర్పుముఖంగా కూర్చోబెట్టారు. ఉప్పు, ఎండుమిరపకాయలు దిగదుడిచి దొడ్లో నీళ్ళపొయ్యిలో వేశారు. గుంటూరు మిరపకాయలు నిప్పుల్లో పడి కూడా ఒక్కరికి దగ్గు రాలేదు, చూశారా ఎంత దిష్టో అని అమ్మమ్మ. ఈ తతంగమంతా అయ్యేసరికి అరగంట. ఆ అరగంట పిన్ని వసారాలో గాలి పీల్చుకుంది. "ఇప్పుడు తేలిగ్గా ఉందే" అంది. ఇంకేముంది! మర్నాడు మళ్ళీ కుంపటి, మళ్ళీ తలనొప్పి, మళ్ళీ దిష్టి, మళ్ళీ తేలిక. ఎదురింటావిడ పాపం ఏమీ ఎరగదు, వచ్చినప్పుడల్లా అమ్మమ్మ బిడ్డమీద కొంగు కప్పేసేది.

చివరికి కుంపటి ఎత్తేయించింది తాతయ్య. ఏదో తెలిసి కాదు, పొగకి ఆయన కళ్ళు మండి పేపరు చదవడం కుదరట్లేదని గొడవపెట్టి దొడ్లో పెట్టించారు. తలనొప్పి పోయింది. ఆ క్రెడిట్టూ దిష్టికే వెళ్ళింది. ఆ బుద్ధిమంతురాలు ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటుంది, ఫోన్ ఎత్తితే స్పీకరు అక్కర్లేదు.

అమ్మమ్మని వెక్కిరించడానికి రాయట్లేదు. ఆవిడకి ఎవరు చెప్పారు గనక? వదినగారికి నేను చెప్పాను, ఆవిడ నవ్వి "మా గీజరుమీద మీ దిష్టే పడ్డట్టుంది" అని లేచారు. సరదాకే అన్నారు. నేనూ నవ్వాను.

ఆయన రాత్రి వచ్చి పెన్సిల్ గీతలు చూసి, "పోనీ లోపలే పెట్టి, తలుపు ఓరగా తీసుకుని చేస్తే?" అన్నారు. "ఆ మాట మీ అమ్మగారిని అడగండి" అన్నాను. అడిగారు కూడా. అత్తయ్యగారు ఏమన్నారో ఇక్కడ రాయడానికి లేదు. వాపసు ఇచ్చేద్దామా అంటే డబ్బా విప్పాక తీసుకోరట. ఎటూ శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది, వేసవిలో ట్యాంకు నీళ్ళే కాలతాయి. ఆ కాస్త చలికోసం ఇంత తంటా, కానీ కొన్నాక ఏం చేస్తాం. మొదట వచ్చే చన్నీళ్ళు పట్టి మొక్కలకి పొయ్యమని అత్తయ్యగారి ఆర్డరు.

పదిన్నరకి ఆగలేక ఆ అమ్మాయికి వాట్సాప్ పెట్టాను. రేపట్నుంచి తలుపు బార్లా తీసి గీజరు వేసి బకెట్లు నింపుకో, గీజరు కట్టేసి కాసేపు ఆగు, అప్పుడు లోపలికెళ్ళి గడియ పెట్టుకో. స్నానం అయ్యాక తలతిరుగుడు తగ్గిందో లేదో నాకు చెప్పు. తగ్గినా తగ్గకపోయినా ఈసారి డాక్టరుగారి దగ్గరికెళ్ళినప్పుడు ఈ గీజరు సంగతి చెప్పు. కడుపులో బిడ్డకి ఆ గ్యాసు మనకంటే ఎక్కువ చేటు.

వెంటనే చూసింది. "సరే ఆంటీ. అత్తయ్యకి చెప్పకండి" అని వచ్చింది.

చెప్పను. కానీ ఆ థర్మోకోల్ ముక్క అక్కడ ఉండటానికి వీల్లేదు. వదినగారికి దోమలే కదా అడ్డం, గజం దోమల జాలీ నేనే కొని పట్టుకెళ్తాను. పొద్దున కొట్టు తీయగానే వెళ్ళాలి, వెంటిలేటరు కొలత ఆ అమ్మాయినే అడుగుతాను.