మిలేతులో ఆగిపోయిన త్రోఫిము

గుంటూరు క్రైస్తవ కుటుంబాల్లో పెరిగినవాళ్లకు మిషనరీ అనగానే ఒక బొమ్మ కళ్లకు కడుతుంది. 1842లో అమెరికా నుంచి వచ్చిన ఫాదర్ హయ్యర్, 1883లో వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్. మంచం మీద మనవాళ్లు, మంచం పక్కన వాళ్లు. మా అమ్మ పుట్టింది కుగ్లర్ ఆసుపత్రిలోనే. అమ్మమ్మ బైబిలు స్త్రీగా, అంటే ఆడవాళ్లకు బైబిలు చెప్పే సేవకురాలిగా, పల్నాడు ఊళ్లన్నీ కాలినడకన తిరిగింది. మా ఆయనా నేనూ పరిచర్యకని ఆఫ్రికాలోని మలావీ బయలుదేరినప్పుడు నా తలలో ఉన్నది ఆ బొమ్మే. ఈసారి మంచం పక్కన నిలబడేది నేను, అంతే తేడా.

మేమున్నది దేశానికి దక్షిణాన, షిరే నది పక్కన పల్లపు ప్రాంతం. ఎండలు మన రెంటచింతలను తలపిస్తాయి. వానలు పడితే దోమలు, దోమలతో మలేరియా. చిన్నప్పటినుంచి పదేపదే వచ్చి పోతుండడంతో అక్కడి పెద్దవాళ్లకు దాన్ని కొంత తట్టుకునే శక్తి ఉంటుంది. మా సంఘ పాస్టర్ గారు జ్వరమొస్తే మాత్రలు వేసుకుని ఆదివారానికల్లా ప్రసంగానికి లేచేవారు. గుంటూరులో పెరిగిన నాకు ఆ శక్తి ఎక్కడిది? నాకొచ్చింది ఫాల్సిపారం రకం, ప్రాణం తీసేది. సాయంత్రానికి మాట తడబడింది, మా ఆయన్ని పట్టుకుని "అన్నయ్యా" అని పిలిచానట. ఆ మాట ఆయన ఇప్పటికీ మర్చిపోనివ్వరు.

సంఘంలో ఒకబ్బాయి కబాజా నడుపుతాడు. కబాజా అంటే సైకిల్ టాక్సీ. వెనక నన్ను కూర్చోబెట్టి, పడిపోకుండా ఇద్దరు చెరోవైపు పట్టుకుని ఆసుపత్రికి చేర్చారు. తీవ్ర మలేరియాకు ఇచ్చే ఆర్టిసునేట్ ఇంజెక్షన్ చేరగానే ఒకటి, 12 గంటలకు ఒకటి, 24 గంటలకు ఒకటి ఇచ్చారు. అక్కడ రోగికి వండిపెట్టడం, బట్టలు ఉతకడం వెంట వచ్చిన మనుషుల పనే. మాకు అక్కడ బంధువులెవరున్నారు? సంఘం స్త్రీలే వంతులు వేసుకుని వచ్చారు. మొక్కజొన్న జావ కాచి తాగించారు. మలమూత్రాలు ఎత్తారు.

జ్వరం కన్నా నాకు అదే కష్టంగా ఉండేది. వీళ్లకు సేవ చేస్తానని సముద్రం దాటి వచ్చి వీళ్లచేత ఈ పనులా? ఒక పెద్దామె చేతిలోంచి గిన్నె లాక్కోబోతే ఆమె విసుక్కుంది. "నువ్వు మా ఇళ్లకు వచ్చి చేస్తే మేం వద్దన్నామా?" అంది. నాకు జవాబు దొరకలేదు. ప్రార్థనలో ఇన్నేళ్లుగా "నన్ను వాడుకో ప్రభువా" అని అడిగాను గానీ, ఇంకొకరి చేతుల్లో పడి ఉండడాన్ని ఒప్పుకునే మనసు ఎప్పుడూ అడగలేదు.

కాస్త తేరుకోగానే విశ్రాంతికని గుంటూరు వచ్చేశాం. గండం గడిచిందనుకుంటుండగా మెట్లెక్కితే ఆయాసం మొదలైంది, కళ్లు పచ్చబడ్డాయి, మూత్రం టీ డికాషన్ రంగులోకి మారింది. పిన్ని కామెర్లన్నది, పసరు పోయిస్తానని ఆటో కూడా మాట్లాడింది. అమ్మ పట్టుబట్టి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. రక్తం బాగా తగ్గిపోయింది, హిమోగ్లోబిన్ 5.8. మలేరియా తిరగబెట్టిందేమోనని స్లైడు చూస్తే క్రిమి ఒక్కటీ లేదు.

"అక్కడ ఏం మందు ఇచ్చారమ్మా?" అని డాక్టరు గారు అడిగారు. మలావీలో ప్రతి రోగికీ హెల్త్ పాస్‌పోర్ట్ అని ఒక చిన్న పుస్తకం ఉంటుంది, వైద్యమంతా అందులోనే రాస్తారు. అది నా సంచిలో ఉందంటే పెట్టింది ఆ విసుక్కున్న పెద్దామే. డాక్టరు గారు పుస్తకంలో ఆర్టిసునేట్ అన్న మాట చూశారు, చిక్కు విడిపోయింది. ఆ మందు చంపిన క్రిములను ప్లీహం ఎర్రకణాల్లోంచి తీసేస్తుందట. కణం మళ్లీ రక్తంలోకి వస్తుంది గానీ ఎక్కువ కాలం బతకదు. కొన్ని వారాల్లో అలాంటివన్నీ ఇంచుమించు ఒకేసారి పగిలిపోతాయి. నా రక్తం తగ్గిందీ, మూత్రం రంగు మారిందీ అందుకేనట. రక్తం ఎక్కించారు. ఎవరిదో తెలియదు, సంచి మీద నంబరే ఉంది. మళ్లీ నేను పుచ్చుకునే వైపే.

ఇంటికి వచ్చాక పరామర్శలు. ఉపవాసముండి ప్రార్థించినవాళ్లు ఉన్నారు, వాళ్లకు వందనాలు. "విశ్వాసంలో ఎక్కడో లోపం ఉంది, ఒప్పుకో అమ్మా" అన్నవాళ్లూ ఉన్నారు. ఆ మాట నన్ను చాలా రాత్రులు నిద్రపోనివ్వలేదు. బైబిల్లో తిమోతికి రాసిన రెండో పత్రిక చివర అపొస్తలుడైన పౌలు ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన సంగతి అప్పుడే కంటపడింది. త్రోఫిముకు జబ్బు చేస్తే అతన్ని మిలేతు పట్టణంలో విడిచి వచ్చాడట. ఎంతోమందిని బాగుచేసిన పౌలు తోటి సేవకుణ్ని రోగిగానే వదిలి వచ్చాడు. తప్పు ఎవరిదని ఒక్క మాట లేదు. మన ఫాదర్ హయ్యర్ మాత్రం? ఆరోగ్యం చెడి అమెరికా వెళ్లిపోయి, అక్కడ వైద్యం చదువుకుని మళ్లీ గుంటూరు వచ్చారు. ఆయన విశ్వాసాన్ని మనం ఎవరమైనా శంకించామా?

బలం వచ్చాక గుడిలో సాక్ష్యం చెప్పమన్నారు. అద్భుతం వినాలని కూర్చున్నారని తెలుసు. దేవుడు బతికించాడని చెప్పాను, ఇంజెక్షన్ పేరుతో సహా చెప్పాను. కొందరికి అది రుచించలేదు. మా సంఘం నుంచి ఇద్దరు యువకులు త్వరలో ఆఫ్రికా వెళ్తున్నారు. వాళ్లను కూర్చోబెట్టి ఒకటే చెప్పాను. తీవ్ర మలేరియాకు ఆర్టిసునేట్ ఇంజెక్షన్ తీసుకుంటే, జ్వరం తగ్గినా సరే, తర్వాత నాలుగు వారాలపాటు వారానికోసారి రక్తపరీక్ష చేయించుకోండి, అక్కడివాళ్లు రాసిచ్చిన కాగితాలు పారేయకండి.